ఉత్త చప్పుడు

మా వార్డుల గడియారాలకు కొదువ లేకుండె. అన్నీ మందుల కంపెనీలోళ్లు ఇచ్చినయే. కొత్త గోలీ వచ్చినప్పుడల్లా ఒక మీటింగు, ఒక భోజనం, ఒక గోడ గడియారం. ఇగ దిగులు రోగం పని అయిపోయింది అన్నట్టే మాట్లాడేటోళ్లు. కొన్నేండ్లు పోయినంక ఆ గోలీ పేరెత్తేటోడు లేకుంట పోయేది. గడియారం మాత్రం నడుస్తనే ఉండేది.

నర్సింగు చదివి మానసిక వార్డులల్ల కొత్తగ చేరిన పిల్లలు ఇప్పుడు నన్ను పిలిచి, "మేడం, మీ అనుభవం నుంచి ఏమన్న చెప్పుండ్రి" అంటరు. నాకు వచ్చిన విద్య ఒక్కటే, అనుమానపడుడు. నవ్వుకుంట వచ్చిన రోగిని అనుమానపడ్డ. బాగైంది ఇంటికి తోలుండ్రి అన్న చుట్టాన్ని అనుమానపడ్డ. కొత్త మందు పట్టుకొని వచ్చిన ప్రతి టై కట్టినాయనను అనుమానపడ్డ. చాలసార్లు నా అనుమానమే నిజమైంది, గందుకే ఆ అలవాటు పోలె. ఒక్కసారి మాత్రం ఎవరిని అనుమానపడాల్నో నాకే తెల్వకుంట పోయింది. అదే చెప్త.

నల్గొండల నేను పనిచేసిన దవాఖాన పేరు చెప్ప. మనుషుల పేర్లు గూడ చెప్ప. తెలంగాణ వచ్చిన కొన్నేండ్లకు, నేను రిటైరయ్యే ముందట జరిగిన ముచ్చట ఇది.

హైదరాబాదుల మెదడు మీద పరిశోధన చేసే ఒక సంస్థ నుంచి మాకు ఒక మిషన్ వచ్చింది. దాని వెంట ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్న పిల్ల. కృష్ణా జిల్లా వైపు మాట, 'అండీ' లేకుండ నోరు తెరవది. మిషన్ చూస్తె పండ్ల డాక్టరు కుర్చీ లెక్క ఉన్నది. పక్కనుంచి ఒక ఇనుప చెయ్యి, దాని చివర ఎనిమిది అంకె లెక్క చుట్టిన తీగె, పైన ప్లాస్టిక్ తొడుగు. రోగి నెత్తికి ఎడమపక్క, నుదురుకు కొంచెం పైన దాన్ని ఆనిస్తరు. కుట్టుమిషన్ లెక్క టకటకటక చప్పుడు చేస్తది, ఆగుతది, మళ్ల చేస్తది. అంతే.

నర్సులందరిని కూసోబెట్టి డాక్టరమ్మ చెప్పింది. "దిగులులో కూరుకుపోయినవాళ్ల మెదడు చిత్రాలు తీస్తే, నుదుటి వెనక ఒక చోటు మందకొడిగా కనబడిందండీ. ఆ చోటుని బయటినుంచి అయస్కాంతంతో తడితే మళ్లీ మేలుకుంటుందేమోనని ఈ ప్రయత్నం. కరెంటు షాకు కాదు. మత్తు ఇవ్వక్కర్లేదు. మందులు పనిచేయనివాళ్లలో కొందరికి పనిచేస్తోంది."

"కొందరికి అంటె?" అన్న.

"అది తేల్చడానికే వచ్చాను సిస్టర్."

అది తేల్చే పద్ధతి విన్నంక నాకు ఇంకింత అనుమానం పుట్టింది. వచ్చినోళ్లల్ల సగం మందికి అసలుది పెడ్తరు. సగం మందికి ఉత్త చప్పుడు, నెత్తి మీద తడుతున్నట్టే ఉంటది గని లోపటికి ఏం పోదు. చూసేటోళ్లకు రెండూ ఒక్క తీర్గనే. ఎవరికి ఏది పోతుందో హైదరాబాదుల ఉన్న కంప్యూటర్‌కు ఎరుక, డాక్టరమ్మకు గూడ తెల్వది.

"మీకన్న తెల్వాలె గద మేడం?"

"నాకు తెలిస్తే నా కళ్లే నన్ను మోసం చేస్తాయి సిస్టర్. బాగుపడాలని కోరుకునేవాళ్లకి బాగుపడినట్టే కనిపిస్తుంది."

మాట మంచిగనే ఉన్నది. గని నేను మంచి మాటలు చాన విన్న. మిషన్ తయారు చేసే కంపెనీ ఆయన ఒకడు తెల్లకారుల వస్తుండె, డాక్టరమ్మతోని తలుపేసుకొని మాట్లాడుతుండె. ఆమె ఫోనొస్తె బయటికి పోయి, వరండా చివర నిలబడి మాట్లాడుతుండె. నేను ఒక కన్ను అటే వేసి ఉంచిన.

గప్పుడే తిరుమలగిరి నుంచి ఒక అన్నా చెల్లె వచ్చిండ్రు. ఆమెకు నలభై దాటినయి. మార్కెట్ కాడ భోజనాల హోటలు నడిపేదట. వడ్లు అమ్మవచ్చిన రైతులు, హమాలీలు, లారీలోళ్లు, అందరు ఆమె చేతి పప్పు తిన్నోళ్లే. నోరు పెద్దదట, అరువు ఎగ్గొట్టినోన్ని బజారు నడుమ నిలబెట్టేదట. గసుంటి మనిషి ఒకనాడు హోటలు తాళం తియ్యలె. మాట బందైంది, తిండి బందైంది. గోలీలు మార్చి మార్చి ఇచ్చిండ్రు, గుణం లేదు. ఒక పొద్దున బాయికాడికి పోయి ఒడ్డు మీద కూసున్నదట. దుంకలె. ఎందుకు దుంకలేదో ఆమెకే తెల్వది. పెనిమిటి లారీ తోల్కొని దేశం మీద ఉంటడు. అందుకే అన్ననే బత్తాయి తోట తన పెండ్లానికి అప్పజెప్పి, చెల్లెను వెంట పట్టుకొచ్చిండు.

ఆ అన్న నాకంటె అనుమానస్తుడు. కుర్చీని ముందటికెళ్లి చూసిండు, వెనకకెళ్లి చూసిండు, వైరు ఎటు పోతున్నదో వంగి చూసిండు.

"కరెంటు పెడ్తరా?" అన్నడు.

"కాదండీ, అయస్కాంతం" అన్నది డాక్టరమ్మ.

"పైసల్లేకుంట పుణ్యానికే చేస్తరట గద. పుణ్యానికి ఎవరు చేస్తరు మేడం? మా చుట్టాలల్ల ఒక పిల్లడు గోలీల పరీక్షకని పోయిండు. ఇప్పటిదాక సక్కగ లేడు."

డాక్టరమ్మ కాగితం మొత్తం చదివి వినిపించింది. అసలుది రావచ్చు, ఉత్తది రావచ్చు, ఎప్పుడు వద్దనుకుంటె అప్పుడు లేచి పోవచ్చు, ఉత్తది వచ్చినోళ్లకు పరీక్ష అయినంక అసలుది పెడ్తం అని. ఆయన ఒక్కొక్క ముక్కకు ఆపి ఆపి అడిగిండు. ఆమె విసుక్కోకుండ చెప్పింది. చెల్లె మాత్రం కిటికీ అవతలికి చూసుకుంట కూసున్నది. 'మీకు సమ్మతమేనా' అని ఆమెనే మళ్ల మళ్ల అడిగితె తల ఊపింది. ఆ తల ఊపుడు సమ్మతమో, వదిలిపెట్టుండ్రి అనుడో, నాకు తెల్వలె.

బయటికొచ్చినంక ఆయన నా పక్కకొచ్చి మెల్లగ అన్నడు, "సిస్టర్, నువ్వు ఈడిదానివి. నువ్వయితె మీ చెల్లెను కూసోబెడుతువా?"

"నేనైతె దినాం పక్కన నిలబడి చూస్త" అన్న నేను. అంతకంటె ఎక్కువ చెప్పుడు నాకు చాతకాలె.

నల్గొండలనే ఒక అర్ర కిరాయికి తీసుకొని దినాం తోల్కొచ్చేటోడు. ఆమె కుర్చీల కూసునేది, కండ్లు మూసేది, టకటక అయ్యేది, పోయేది. నేను పక్కన నిలబడి ఏదో ఒకటి మాట్లాడేదాన్ని. ఆమె పలికేది కాదు. అన్న తలుపు కాడ స్టూలు మీద కూసొని మిషన్‌ను దొంగను చూసినట్టు చూసేటోడు.

కొన్ని వారాలు అట్లనే పోయినయి. ఒకనాడు మిషన్ ఆగినంక ఆమె కండ్లు తెరిచి ముక్కు ఎగపీల్చింది. మా దవాఖాన వంటింట్ల పప్పు ఉడుకుతుండె.

"చింతపండు ఎక్కువైంది" అన్నది.

నేను నిలబడ్డకాడనే నిలబడ్డ. అన్న స్టూలు మీదికెళ్లి లేచిండు. ఆమె మా ఇద్దరి మొఖాలు చూసి, "నిజంగనే ఎక్కువైంది" అన్నది, మేము నమ్ముతలేమేమో అన్నట్టు.

ఆ పొద్దు నుంచి మాట కొంచెం కొంచెంగ వచ్చింది. తర్వాత ఆకలి వచ్చింది, నిద్ర వచ్చింది, తర్వాత నోరు. మా వంటాయనకు తాలింపు ఎట్ల పెట్టాల్నో చెప్పి కొట్లాట గూడ పెట్టుకున్నది. ఇంటికి పోయేనాడు అన్న ఒక సంచి బత్తాయిలు తెచ్చి డాక్టరమ్మ టేబుల్ మీద కుమ్మరించిండు. "మిషన్ మాయల మిషన్ మేడం. నేను ఊరంత చెప్తున్న" అన్నడు. అంత అనుమానస్తుడు ఒక్కసారిగ అంత నమ్ముడు చూసి నాకు భయమైంది.

కొన్ని నెలలకు హోటలు మళ్ల తెరిచిందని ఫోనొచ్చింది. ఆ కబురు కంపెనీ ఆయన చెవుల పడ్డది. ఇగ ఆగుతడా? ఆమె హోటల్ల వంట చేసుకుంట, నవ్వుకుంట, మిషన్ గురించి రెండు మాటలు చెప్పేటట్టు వీడియో తీస్తమన్నడు. అన్న సరే అన్నడు. దినం పెట్టుకున్నరు.

దానికి ముందటి వారమే హైదరాబాదుల పరీక్ష లెక్క విప్పిండ్రు. ఎవరికి అసలుది పోయింది, ఎవరికి ఉత్తది పోయింది అన్నది బయటికొచ్చింది. డాక్టరమ్మకు ఫోనొచ్చింది. మామూలుగ వరండా చివరికి పోయింది. మాట్లాడుడు అయినంక గూడ ఫోను చెవి కాడనే పెట్టుకొని నిలబడ్డది. నేను దగ్గరికి పోయిన.

"ఏంది మేడం, ఏమన్న దాస్తున్నరా?" అన్న. అన్ని నెలల అనుమానం ఆ ఒక్క మాటల బయటపడ్డది.

ఆమె దాయలె. "తిరుమలగిరి ఆవిడకి వచ్చింది ఉత్తది సిస్టర్. ఆమె తలలోకి ఒక్కనాడు కూడా ఏమీ పోలేదు."

మిషన్ అబద్ధమని నేను మొదటి సంది అనుకుంటనే ఉన్న. ఇప్పుడు ఆమెను బాగు చేసింది మిషన్ కాదని తేలితె, నాకు సంబరం కాలె. మరి చింతపండు మాట ఎక్కడికెళ్లి వచ్చింది? దినాం అన్న పక్కన కూసునుడు చేసిందా, ఇల్లు మారుడు చేసిందా, బాగైత అన్న నమ్మకం చేసిందా, రోగం దానంతట అదే పోయిందా? అన్నిటికి తలా ఇంత పాలు ఉండొచ్చు. తూచే తరాజు మాత్రం మా కాడ లేకుండె.

హైదరాబాదు సంస్థల ఉన్న పెద్ద ప్రొఫెసరు ఫోన్ల అన్నడట, 'చెప్పాల్సిందే, గని బాగున్నోళ్లకు తొందరేముంది, ఆర్నెల్లు ఆగు' అని. కంపెనీ ఆయన, "వీడియోల ఆమె బాగైంది అని చెప్తది, అది అబద్ధం కాదు గద" అన్నడట.

డాక్టరమ్మ మాత్రం వీడియో కంటె ముందే చెప్త అన్నది. ఇప్పుడు నా అనుమానం ఆమె మీదికి మళ్లింది.

"మేడం, చెప్తె మీ మనసు తేలికైతది. ఆమె మనసు? బాగున్న మనిషిని మళ్ల బాయి ఒడ్డుకు తోలుడు అయితది. మీ కోసం చెప్తున్నరా, ఆమె కోసమా?"

"నాక్కూడా అదే భయం సిస్టర్. కానీ ఈ రోగం చాలామందికి తిరిగి వస్తుంది. రేపు తిరిగొస్తే ఆమె ఏమనుకుంటుంది? మిషన్ కూడా అయిపోయింది, ఇక ఏదీ మిగల్లేదు అనుకుంటుంది. అసలు మిషన్ ఆమె చూడనే లేదు కదా. ఆ తలుపు మూసింది నేనవుతాను."

అయినా నాకు నమ్మకం కుదరలె.

వీడియో దినం కంపెనీ ఆయన కారు పంపిస్త అన్నడు. డాక్టరమ్మ వద్దని, నన్ను వెంటబెట్టుకొని బస్సుల బయలుదేరింది. దారిపొడుగుత కిటికీల నుంచి వరిపొలాలు చూసుకుంట కూసున్నది. ఈమె ఆడికి పోయినంక చెప్తదా, ఆ కెమెరా ముందట నోరు మెదపకుండ నిలబడుతదా? చెప్పకపోతె నేను చెప్పాల్నా? చెప్తె ఆమె ఏమైతది?

మేము హోటలుకు పోయేసరికి మధ్యాహ్నం గిరాకి తగ్గింది. కంపెనీ ఆయన ముందట అర్రల దీపాలు పెట్టుకుంటుండు. ఆమె మమ్ముల చూసి, "తిన్నరా?" అన్నది. అదే మొదటి మాట. మొఖం నిండుగ ఉన్నది. డాక్టరమ్మ, "ముందు మీతో ఒక మాట చెప్పాలండీ" అని వెనక వంటింట్లకు పోయింది. అన్న గూడ వచ్చిండు. ఆమె పీటేసుకొని కూసొని ఉల్లిగడ్డలు కోసుకుంటనే వింటున్నది.

డాక్టరమ్మ దాపరికం లేకుండ చెప్పింది. మొత్తం రెండు మూడు మాటలే. ఉల్లిగడ్డ మీద కత్తి ఆగింది.

ముందుగాల అన్న మాట్లాడిండు. "అంటె మా చెల్లె నెత్తికి అన్ని దినాలు ఉత్త చప్పుడు వినిపించిండ్రు."

"అవునండీ."

"నేను ఊరంత చెప్పిన మేడం. మనుషులను మీ కాడికి తోలిన."

"కాగితంల మొదటనే చదివి చెప్పినం గద అన్నా" అన్న నేను. డాక్టరమ్మ నా చెయ్యి పట్టి ఆపింది.

ఆమె కత్తి కింద పెట్టింది. "అయితె నేను బాగైంది గూడ ఉత్తదేనా?"

"కాదండీ. మీరు బాగవడం నిజం. ఎందుకు బాగయ్యారో మాత్రం నాకు తెలియదు. మిషన్ వల్ల కాదు."

"నీకు తెల్వదా?"

"తెలియదు."

"చదువుకున్నవు గద."

"చదువుకున్నా తెలియదండీ. మళ్లీ ఎప్పుడైనా మనసు కుంగినట్టనిపిస్తే అసలు మిషన్ ఉంది. మీరింకా దాన్ని చూడలేదు. అది చెప్పడానికే వచ్చాను."

ఆమె కండ్లల్ల నీళ్లు ఉండె. ఉల్లిగడ్డలయో, ఈ మాటవో, నాకు ఇప్పటికీ తెల్వది. లేచి కొంగుతోని చేతులు తుడుచుకొని ముందటర్రకు నడిచింది. మేము వెనక పోయినం. కంపెనీ ఆయన నవ్వుకుంట, "ఇక్కడ నిలబడమ్మా" అన్నడు.

"నిలబడుత సార్. చెప్త గూడ. నాకు మిషన్ పెట్టలె, ఉత్త చప్పుడు వినిపించిండ్రు, అయినా బాగైంది అని చెప్త. తీసుకో."

ఆయన డాక్టరమ్మ దిక్కు చూసిండు. ఆమె నేల చూడలె, ఆయననే చూసింది. దీపాలు సర్దుకొని పోయిండు.

అన్న మాత్రం మా దిక్కు తిరగలె. "బస్సుకు టైమైతాంది" అన్నడు. తిన్నరా అని అడిగిన కాడ తినకుండనే బయటపడ్డం.

తర్వాత డాక్టరమ్మ మీద హైదరాబాదుల కోపమే అయింది. కంపెనీ ఆయన మళ్ల రాలె. పరీక్ష మొత్తం తేలింది ఏందంటె, అసలుది పెట్టినోళ్లల్ల బాగైనోళ్లు ఎక్కువే, అనుకున్నంత ఎక్కువ మాత్రం కాదు. ఆమె అట్లనే రాసి పంపింది. దేశదేశాల పెద్ద పెద్ద బుర్రలు కనిపెట్టిన సంగతి నల్గొండల ఒక మనిషి దిగులు దాక వచ్చేసరికి ఎంత సన్నగైతదో గప్పుడు తెలిసింది నాకు. సన్నగైనా ఎంతోకొంత చేరుతున్నదని గూడ గప్పుడే తెలిసింది. మిషన్ మా దవాఖానలనే ఉన్నది. నేను మాత్రం ఫోను మోగినప్పుడల్లా తిరుమలగిరి నుంచి చెడ్డ కబురేమో అని ఉలిక్కిపడేదాన్ని. డాక్టరమ్మ ఫోను చేస్తె అన్న ఎత్తేటోడు, గొంతు విని కట్ చేసేటోడు.

వానలు పడ్డంక ఒక పొద్దున ఆమె ఒక్కతే వార్డు తలుపు కాడ నిలబడి ఉన్నది. నెత్తి దువ్వుకోలె. మొఖం మళ్ల మొదటి తీర్గ అయింది, గని మాట ఇంకా ఉన్నది.

"మళ్ల వస్తున్నది సిస్టర్. అన్నం వండితె వాసన రాకుంట అయింది. పూర్తిగ మునగకముందే వచ్చిన."

"అన్న ఏడి?"

"చెప్పలె. చెప్తె రానియ్యడు."

కూసోబెట్టి నీళ్లిచ్చిన. అడగకుండ ఉండలేక అడిగిన, "మరి మమ్ముల ఎట్ల నమ్మి వచ్చినవు?"

"నమ్ముడని కాదు" అన్నది. "బాగైనంక నా హోటలు దాక వచ్చి, నేను బాగు చెయ్యలె అని చెప్పినోళ్లు ఇంకెవరున్నరు? ఇంకెక్కడికి పోవాలె నేను?"

ఈసారి అసలుది పెట్టినం. వెనకటంత జల్ది గుణం రాలె. ఉత్త చప్పుడుకు బాగైన మనిషి అసలు మిషన్‌కు మెల్లమెల్లగ, ముక్కుకుంట మూలుక్కుంట బాగైంది. మధ్యల రెండు మూడుసార్లు ఏడ్చింది, ఇగ రాను అన్నది, మళ్ల వచ్చింది. ఎందుకిట్ల అని డాక్టరమ్మను అడిగితె, "అది కూడా తెలియదు సిస్టర్" అన్నది. ఆమె ఆ మాట అన్నప్పుడు నాకు అనుమానం రాలె. ఒక మనిషి మాట మీద నాకు అనుమానం రాకపోవుడు, నా ఉద్యోగంల అది అరుదు.

చికిత్స చివరికొచ్చినప్పుడు అన్న వచ్చిండు. ఎట్ల తెలిసిందో తెలిసింది. వార్డులకు రాలె, వరండాల గోడకు ఒరిగి నిలబడ్డడు. లోపల టకటక వినపడుతున్నది. నన్ను చూసి కూడ పలకరించలె. ఆ చప్పుడు వినుకుంట అడిగిండు.

"ఇది అసలుదేనా?"

"అసలుదే."

"నీకు ఎవరు చెప్పిండ్రు?"

"డాక్టరమ్మ."

ఆయన టవల్‌తోని మొఖం తుడుచుకున్నడు. తలుపు సందుల నుంచి కుర్చీల కూసున్న చెల్లెను, ఆమె పక్కన నిలబడ్డ డాక్టరమ్మను చూసిండు.

"ఆమె చెప్తె సరే" అన్నడు. అని, స్టూలు గుంజుకొని కూసున్నడు.